ప్రపంచ యుద్ధమే వస్తే ఇంట్లో ఉండవలసిన కత్తులు: బెజవాడ, గుంటూరు కుటుంబాలకు సమగ్ర మార్గదర్శి

1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. ప్రపంచ యుద్ధం తెలుగు గడ్డ దాకా రాదని ధీమాగా ఉండడానికి వీల్లేదని ఆ ఒక్క రోజే చెబుతోంది. అయినప్పటికీ, అటువంటి యుద్ధం మళ్ళీ వస్తే విజయవాడ, గుంటూరు ఇళ్ళకు దాని సెగ మొదట తగిలేది వంటగదిలోనే అని నా అంచనా. మన దేశం వాడుకునే వంటగ్యాసులో సగానికి పైగా దిగుమతి చేసుకుంటున్నదే. ఆ దిగుమతిలో అధిక భాగం గల్ఫ్ దేశాల నుంచి హోర్ముజ్ జలసంధి మీదుగా ఓడల్లో వస్తుంది. ఆ దారి మూసుకుపోతే కొన్ని వారాల్లోనే సిలిండరు దొరకడం గగనమవుతుంది, కరెంటు కోతలు పెరిగితే ఇండక్షన్ పొయ్యి పనికిరాదు, పెరట్లోనో మేడ మీదనో కట్టెల పొయ్యి వెలిగించవలసి వస్తుంది. కట్టెలు చీల్చాలన్నా, కొబ్బరి బొండం కొట్టాలన్నా, టార్పాలిన్ కట్టడానికి తాడు తెంపాలన్నా చేతిలో సరైన కత్తి ఉండాలి.

ఇలా ముందే సిద్ధపడడం ఇప్పుడు వింతేమీ కాదు. 2025 మార్చిలో ఐరోపా సంఘం తన పౌరులను కనీసం 72 గంటలు ఎవరి సాయమూ లేకుండా నెట్టుకొచ్చేలా సిద్ధంగా ఉండమని కోరినప్పుడు, కమిషనర్ హాజా లబీబ్ తన అత్యవసర సంచిలోని వస్తువులను వీడియోలో ఒక్కొక్కటిగా తీసి చూపించారు. వాటిలో ఒక స్విస్ ఆర్మీ చాకు కూడా ఉంది. అదే ఏడాది మే 7న మన దేశంలోనూ పౌర రక్షణ విన్యాసాలు జరిగాయి, విశాఖపట్నం వాటిలో పాలుపంచుకుంది. అయితే సంచి సర్దేటప్పుడు కత్తి వంతు చివర్లోనే వస్తుంది. మంచినీళ్ళు, రోజూ వాడే మందులు, టార్చి, బ్యాటరీలతో నడిచే రేడియో, చిల్లర నోట్లు సమకూరిన తరువాతే కత్తుల మీద డబ్బు పెట్టాలి.

మొదటి మెట్టు: ఆ కత్తితో చేయవలసిన పనులు రాసుకోవడం

కాగితం తీసుకుని, కరెంటూ గ్యాసూ లేని పది రోజులలో మీ ఇంట్లో కోయవలసినవి, నరకవలసినవి, తెంపవలసినవి ఏమిటో రాయండి. కూరగాయలు, చేపలు, కొబ్బరికాయలు, తాళ్ళు, బియ్యం బస్తాల దారాలు, పాత చీరలు, ప్లాస్టిక్ పట్టాలు, వెదురు బద్దలు, తాటాకులు, పుల్లలు, చెట్ల కొమ్మలు అందులో తప్పక ఉంటాయి. శత్రువును పొడవడం అనే పని ఆ జాబితాలో రాయాలని ఎవరికైనా అనిపిస్తే దాన్ని వెంటనే కొట్టేయాలి. శిక్షణ లేనివాడి చేతిలోని కత్తిని ఎదుటివాడు లాక్కోవడానికి ఎక్కువసేపు పట్టదు, పెనుగులాటలో పట్టుకున్నవాడి చేయే ముందు తెగే ప్రమాదం ఉంది, పైగా కత్తి చూపిస్తే చిన్న తగాదా కూడా ప్రాణాల మీదికి వస్తుంది. కాబట్టి ఈ వ్యాసంలో ఆయుధంగా ఎంచుకునే కత్తి ప్రస్తావన ఇక రాదు.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి అజిత్ సింగ్ నగర్ పరిసరాలు మునిగినప్పుడు, అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులతో రికార్డు స్థాయిలో ప్రవహించినప్పుడు, వేల కుటుంబాలు కరెంటూ తాగునీరూ లేక మేడల మీద రోజుల తరబడి చిక్కుకుపోయాయి, డ్రోన్ల ద్వారా కూడా ఆహారం అందించవలసి వచ్చింది. యుద్ధం వేరు, వరద వేరు అయినా, సరఫరాలు ఆగిపోయిన ఇంట్లో చేతిపని ఎంత పెరుగుతుందో ఊహించడానికి ఈ ఊరివాళ్ళకు అంతకన్న దగ్గరి ఉదాహరణ లేదు. ఆ రోజులు అనుభవించినవారు ఇంట్లో ఉంటే జాబితా వారి చేతే రాయించడం మేలు.

రెండవ మెట్టు: చట్టం

ఆయుధాల చట్టం 1959లోదే అయినా దాని కింద ఇప్పుడు అమలులో ఉన్నవి 2016 నాటి నియమాలు. ఇంటి అవసరాలకు, వ్యవసాయానికి, శాస్త్ర లేదా పారిశ్రామిక పనులకు తయారైనవి మినహా, 9 అంగుళాల కన్న పొడవైన లేదా 2 అంగుళాల కన్న వెడల్పైన అలుగు ఉన్న కత్తులను ఆ నియమాలు ఆయుధాల పట్టికలో చేర్చాయి. కత్తిపీట, కొడవలి, మచ్చుకత్తి పనిముట్లే కాబట్టి వాటిని ఇంట్లో ఉంచుకోవడానికి ఇబ్బంది లేదు. వాటినే నడుముకు కట్టుకుని బీసెంట్ రోడ్డులో తిరిగితే సంగతి వేరు. యుద్ధ వాతావరణంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 163వ సెక్షన్ కింద, అంటే పాత 144 కింద, నిషేధాజ్ఞలు పెట్టే అవకాశం ఎక్కువ. అటువంటప్పుడు కూరగాయల చాకు జేబులో దొరికినా పోలీసులకు సంజాయిషీ చెప్పుకోవలసి రావచ్చు. ఊరు వదిలి వెళ్ళవలసి వస్తే కత్తులను గుడ్డలో చుట్టి, తాడుతో కట్టి, సంచి అడుగున పెట్టాలి. విమానమైతే చేతి సంచిలో అసలు ఒప్పుకోరు.

మూడవ మెట్టు: ఏ రకాలు, ఎన్ని

విదేశీయులు తయారుచేసిన జాబితాలను యథాతథంగా అనుసరించకూడదు. అవి చలి దేశాల దేవదారు అడవులను దృష్టిలో పెట్టుకుని రాసినవి. ఒక్క దళసరి కత్తితో దుంగ చీల్చడం, మంట రాజేయడం, వేటాడిన జంతువును కోయడం అన్నీ జరగాలన్నది వారి లెక్క. మనకు చుట్టుపక్కల దొరికే వంటచెరకు సర్కారు తుమ్మ, బాపట్ల వైపు వెళితే సరుగుడు. సర్కారు తుమ్మ గట్టి కర్ర, దాని ముళ్ళు చెప్పుల అడుగునుంచి కూడా దిగుతాయి. అయిదంగుళాల కత్తితో ఆ కొమ్మ దగ్గరికి వెళితే చేతులు గీరుకుపోవడం తప్ప పని జరగదు. అందుకే ఒకే కత్తి మీద భారమంతా వేయకుండా, మూడు అలుగులుగా పంచుకోవాలని నా సలహా.

మొదటిది మచ్చుకత్తి. దీన్ని తక్కువగా చూడడం పట్టణవాసులకు అలవాటైంది గానీ, మూడింటిలో ఒకటే కొనగలిగితే కొనవలసింది ఇదే. వెన్ను 5 నుంచి 6 మి.మీ. మందం, అలుగు 8 నుంచి 9 అంగుళాల పొడవు, ముక్కు దగ్గర కాస్త లోపలికి వంపు ఉన్నదైతే ముళ్ళకొమ్మను దూరం నుంచే లాగి నరకవచ్చు, బొండాలు కొట్టవచ్చు, వెదురు చీల్చవచ్చు. బరువు ముందుకు తూగాలి, అప్పుడే దెబ్బలో సగం పని కత్తే చేస్తుంది. కానీ అతి బరువు పనికిరాదు. ఇంట్లో అందరికన్న బలహీనమైన చేయి పది దెబ్బలు ఆపకుండా వేయగలిగినంత బరువే సరైన బరువు.

రెండవది మడత లేని చిన్న కత్తి. అలుగు 4 నుంచి 5 అంగుళాలు, మందం 2.5 నుంచి 4 మి.మీ. ఉంటే చాలు. అలుగు ఉక్కే ఒక్క ముక్కగా పిడి చివరి దాకా సాగి ఉండాలని చాలామంది పట్టుబడతారు, బరువు పనులకు అది నిజంగానే మంచిది. అయితే పక్కన మచ్చుకత్తి ఉన్న ఇంట్లో చిన్న కత్తికి అంత పట్టింపు అక్కర్లేదు. స్వీడన్‌కు చెందిన మోరా కంపెనీ కంపానియన్ రకంలో ఉక్కు పిడి చివరి దాకా వెళ్ళదు, అయినా ప్రపంచమంతటా పనివాళ్ళు దాన్ని నమ్ముకుంటున్నారు. అదే కంపెనీ గార్బర్గ్ రకంలో ఉక్కు పిడి చివరి దాకా ఉంటుంది, ధరా అలాగే పెరుగుతుంది. మొన కొద్దిగా కిందికి వాలి, వెన్ను రేఖకు దిగువన ఉండేలా చూసుకోవాలి, అప్పుడు సంచి విప్పేటప్పుడు లోపలి సరుకు చీలదు. రంపపు పళ్ళున్న అంచు నైలాను తాడును బాగా తెంపుతుంది గానీ, ఇంట్లో సాన పట్టడం కష్టం. పిడి డొల్లగా ఉండి లోపల దిక్సూచి, గాలం, అగ్గిపుల్లలు కుక్కిన కత్తులు ఆన్‌లైన్‌లో కనబడతాయి. వాటిని ఆట వస్తువుల కింద జమకట్టాలి, ఎందుకంటే అలుగూ పిడీ కలిసే చోట వాటికి బలమే ఉండదు.

మూడవది మడతచాకు, లేదా పటకారూ స్క్రూడ్రైవరూ కలిసి ఉన్న బహుళ పనిముట్టు. కార్ల్ ఎల్సెనర్ స్విట్జర్లాండ్ సైన్యానికి 1891లో చాకులు అందించడం మొదలుపెట్టి, 1897లో అధికారుల చాకును తీసుకొచ్చాడు. నేటి విక్టోరినాక్స్ ఎరుపు చాకులు దాని వారసులే. డబ్బా మూత తెరవడానికి, రేడియో బ్యాటరీ అర విప్పడానికి, వైరు పొర గీయడానికి దీనికి సాటి లేదు. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి: ఆ శ్రేణిలోని చిన్న చాకుల అలుగు తెరిచాక బిగుసుకుని నిలవదు, మొనతో గట్టిగా గుచ్చితే వేళ్ళ మీదికి మూసుకుపోతుంది. గట్టిపనికి వాడాలనుకుంటే తాళం పడే రకమే కొనాలి.

ఇవి కాక కత్తిపీట. అటకెక్కించిన ఇళ్ళలో దించి తుడిచి పెట్టుకోండి. మిక్సీలు, చాపర్లు ఆగిపోయిన రోజున నలుగురైదుగురికి కూర తరగడానికీ, చేపలు కోయడానికీ, కొబ్బరి తురమడానికీ కూర్చున్నచోటే పని జరిపేది అదే. రెండు చేతులూ ఖాళీగా ఉండడం దాని గొప్ప సౌలభ్యం. ఆ పనిలో అమ్మమ్మల నాయనమ్మల చేతివాటం ఏ ఖరీదైన కత్తి వల్లా రాదు.

నాలుగవ మెట్టు: ఉక్కు

ఉక్కు పేర్లు చూసి బెదిరిపోనక్కర్లేదు, ఎంపిక ముఖ్యంగా రెండు దారుల్లో ఉంటుంది. కార్బన్ ఉక్కు త్వరగా పదునెక్కుతుంది, దెబ్బలకు తట్టుకుంటుంది, కానీ తుప్పు పడుతుంది. చింతపండు, నిమ్మకాయ, మామిడికాయ కోస్తే నల్లబడుతుంది. స్టెయిన్‌లెస్ అనిపించుకోవాలంటే కనీసం 10.5 శాతం క్రోమియం ఉండాలి. తుప్పు నెమ్మదిగా పడుతుందే తప్ప అసలు పట్టదని కాదు. కృష్ణా డెల్టా ఉక్కపోతలో, ఉప్పూ చేపలూ తగిలే వంటింట్లో, చిన్న కత్తికీ మడతచాకుకూ స్టెయిన్‌లెస్, మచ్చుకత్తికి కార్బన్ ఉక్కు ఎంచుకోవడం తెలివైన పని. పెట్టె మీద 12సీ27, ఏయూఎస్-8, 440సీ వంటి గుర్తులుంటే ఏ ఉక్కో తెలిసినట్టే. కేవలం 'స్టెయిన్‌లెస్ స్టీల్' అని ఉంటే ఏమీ తెలియనట్టే. గట్టిదనం రాక్‌వెల్ సి కొలతలో 56 నుంచి 59 మధ్య ఉన్న చిన్న కత్తి మామూలు సానరాయికి లొంగుతుంది. 62, 63 దాకా వెళ్ళిన ఖరీదైన ఉక్కులు పదును ఎక్కువకాలం నిలుపుకుంటాయి నిజమే, కానీ ఒకసారి మొద్దుబారితే వజ్రపు పొడి అద్దిన సాన కావాలి. కొరియర్లు తిరగని రోజుల్లో అది ఎక్కడి నుంచి తెచ్చుకుంటాం?

అయిదవ మెట్టు: కొనేచోట పరీక్షించడం

విజయవాడలో మచ్చుకత్తి కావాలంటే వన్‌టౌన్ ఇనుప సామాను కొట్లలో అడగవచ్చు, గుంటూరులో పట్నంబజారు వైపు వెతకవచ్చు. అంతకన్న మంచిది, తెలిసిన కమ్మరి చేత చేయించుకోవడం. లారీలకు పెట్టింది పేరైన ఆటోనగర్‌లో పాత కమాను పట్టీలకు కొదవ లేదు. కమాను పట్టీ ఉక్కులో కార్బన్ సుమారు 0.5 నుంచి 0.6 శాతం ఉంటుంది, దెబ్బలు కాచే కత్తికి ఇది చక్కగా సరిపోతుంది. అయితే పట్టీని అరగదీసినంత మాత్రాన కత్తి కాదు. అంచును ఎర్రగా కాచి నూనెలో ముంచి గట్టిపరచాలి, ఆ తరువాత పెళుసుదనం పోయేలా మళ్ళీ సన్నని వేడి చూపించాలి. ఈ రెండు పనులూ చేస్తారా అని ముందే అడగండి. పగుళ్ళున్న పట్టీ, చాలాకాలం లారీ కింద నలిగి అలసిపోయిన పట్టీ వద్దని చెప్పండి.

అంచు గట్టిదో కాదో తేల్చడానికి జేబులో చిన్న ఆకురాయి తీసుకువెళ్ళండి. కత్తిని బల్ల అంచున ఆనించి, పిడికి దగ్గరగా, కంటికి కనిపించని చోట, వాదర మీద ఆకురాయిని ఒక్కసారి తేలికగా తోయండి. సరిగా గట్టిపడిన అంచు మీద ఆకురాయి జారుతూ పలుచని కిర్రుమనే చప్పుడు చేస్తుంది, గీత పడీ పడనట్టు ఉంటుంది. మెత్తటి ఇనుము మీద అయితే పట్టేసుకుని, మెరిసే గాడి చేసి, వేలికి అంటేంత రజను రాలుస్తుంది. తరువాత అదే పరీక్ష వెన్ను మీద చేయండి. మంచి మచ్చుకత్తికి వెన్ను అంచుకన్న కొంచెం మెత్తగా ఉండడమే మేలు, అప్పుడు దెబ్బ అదురును వెన్ను భరిస్తుంది. మునివేళ్ళతో పిడి పట్టుకుని అలుగును గోటితో కొడితే గణగణమనాలి. చప్పుడు చిల్లుపడ్డట్టు వస్తే ఎక్కడో నెర్రె ఉందనో, పిడి వదులుగా ఉందనో అనుమానించాలి.

పిడిని పొడి చేత్తో పట్టుకుని నిర్ణయించకూడదు. చేతికి కొద్దిగా నూనె రాసుకునో, తడిపో పట్టుకుని చూడండి, ఎందుకంటే మే నెల బెజవాడ ఎండలో చెమట పట్టని చేయి ఉండదు. నాలుగు వేళ్ళూ పూర్తిగా ఇమిడి, అంచు వైపు వేలు జారకుండా చిన్న అడ్డు ఉండాలి. నల్లతుమ్మ చెక్క పిడి మన్నుతుంది, విరిగితే వడ్రంగి చేత మార్పించుకోవచ్చు. అందంగా మలచిన ఇత్తడి, కొమ్ము పిడులు జారుతాయి. అలలు అలలుగా గీతలున్న 'డమాస్కస్' కత్తులు చవకగా వస్తే వద్దనండి. ఆ గీతలు చాలాసార్లు యాసిడ్‌తో చెక్కిన బొమ్మే తప్ప ఉక్కు గుణం కాదు.

ఆరవ మెట్టు: సాన పట్టడం నేర్చుకోవడం

కత్తికన్న ముందు సానరాయి కొనమంటాను. ఒక వైపు గరుకు, మరో వైపు నునుపు ఉండే కార్బొరండం రాయి, 6 నుంచి 8 అంగుళాలది, ఇనుప కొట్లలో కొద్ది ఖర్చుతో దొరుకుతుంది. దాని మీద నీళ్ళో నూనెనో ఏదో ఒకటే ఎప్పుడూ వాడాలి. కత్తిని రాయి మీద నిట్టనిలువుగా నిలిపి, సగానికి వంచితే 45 డిగ్రీలు, మళ్ళీ సగానికి వంచితే ఇరవై రెండున్నర. చిన్న కత్తికి దాని కన్న కాస్త తక్కువ, మచ్చుకత్తికి కాస్త ఎక్కువ కోణం సరిపోతుంది. కోణం మారకుండా, పిడి నుంచి మొన దాకా అంచంతా రాయిని తాకేలా లాగుతూ పోవాలి. ఎన్నిసార్లు అన్నది లెక్క కాదు. అవతలి వైపు బొటనవేలితో వెన్ను నుంచి అంచు వైపుకు మెల్లగా నిమిరితే సన్నని గరుకు మడత తగలాలి. అది పిడి నుంచి మొన దాకా తగిలినప్పుడే ఆ వైపు పూర్తయినట్టు. తరువాత రెండో వైపు, ఆపైన నునుపు రాయి, చివరికి పాత తోలు బెల్టు మీద అంచు వెనక్కి ఉండేలా లాగడం. దినపత్రిక కాగితం చప్పుడు లేకుండా తెగితే పని ముగిసినట్టే. టమాటా తొక్క మీద నొక్కకుండా దిగినా సరే.

సైకిల్ మీద వచ్చే సానవాళ్ళకు ఇచ్చేటప్పుడు పక్కనే నిలబడండి. తిరిగే చక్రం మీద నీళ్ళు లేకుండా ఎక్కువసేపు పట్టిస్తే అంచు వేడెక్కి రంగు మారుతుంది. లేత గడ్డిరంగు దాకా పరవాలేదు, నీలం రంగు కనబడితే అక్కడి ఉక్కు మెత్తబడిపోయినట్టే, ఆ భాగం అరిగిపోయేదాకా పదును నిలవదు. చక్రం దగ్గర నీళ్ళ డబ్బా లేకపోతే మీరే ఒక చెంబు తెచ్చి ఇవ్వండి.

ఏడవ మెట్టు: నిల్వ

వాడిన వెంటనే కడిగి, పొడిగుడ్డతో తుడిచి, కార్బన్ ఉక్కుకు కొబ్బరినూనె పలుచగా రాయాలి. కొబ్బరినూనె వంటకు పనికొచ్చేదే కాబట్టి తినే పదార్థానికి అంటినా భయం లేదు. తోలు ఒరలో నెలల తరబడి ఉంచకూడదు, తోలు తేమ పీల్చుకుని లోపలే తుప్పు పట్టిస్తుంది. నూనె రాసిన కాగితంలో చుట్టి, అట్టపెట్టెలో, పిల్లలకు అందని గూట్లో పెట్టి తాళం వేయడం ఉత్తమం. దసరాకు ఎలాగూ పనిముట్లన్నీ తీసి తుడిచి ఆయుధపూజ చేస్తాం కనుక, పసుపు కుంకుమలు పెట్టే ముందు ప్రతి పిడినీ కదిపి చూడటం, తుప్పు మచ్చలు రుద్దడం, సాన పట్టడం ఆ రోజుకే ముడిపెట్టుకుంటే ఏటా ఒకసారైనా గుర్తుంటుంది. పూజ అయ్యాక మాత్రం కుంకుమ తుడిచేయాలి, అది కూడా తేమను పట్టి ఉంచుతుంది.

ఎనిమిదవ మెట్టు: చేతికి అలవాటు చేయడం, గాయాలకు సిద్ధపడడం

కొని పెట్టిన కత్తిని కష్టకాలంలోనే మొదటిసారి తీస్తే ప్రమాదం. ఒక ఆదివారం గ్యాసు కట్టేసి, కట్టెలు చీల్చడం దగ్గర నుంచి కూర తరగడం దాకా ఆ మూడు అలుగులతోనే వంట చేయండి. ఏ పనికి ఏది చాలలేదో, ఎవరి చేతికి ఏ పిడి ఇమడలేదో ఆ పూటే తేలిపోతుంది. నరికేటప్పుడు కింద మొద్దు తప్పనిసరి, నేల మీద పెట్టి నరికితే అంచు రాయికి తగిలి విరుగుతుంది. నరికే వ్యక్తి కత్తి పట్టుకుని చేయి చాచినంత దూరంలో ఎవరూ ఉండకూడదు. కోసేటప్పుడు అంచు ఒంటికి ఎదురుగా రాకూడదు. మన ఇళ్ళలో కత్తిని చేతికివ్వకుండా కింద పెడితే తీసుకునే ఆచారం ఉంది. చేతికిస్తే తగాదాలొస్తాయన్న నమ్మకం సంగతి ఎలా ఉన్నా, ఆ ఆచారాన్ని పిల్లలకు నేర్పడం వల్ల వేళ్ళు మిగులుతాయి.

యుద్ధకాలంలో గుంటూరు జీజీహెచ్‌లోనూ విజయవాడ ప్రభుత్వాసుపత్రిలోనూ మంచాలు ఎవరితో నిండుతాయో ఊహించగలం. తెగిన వేలితో వెళ్ళినవాడి వంతు ఎప్పటికి వస్తుందో చెప్పలేం. కత్తులున్న పెట్టెలోనే శుభ్రమైన గాజుగుడ్డ, కట్టు బట్ట, అంటుకునే పట్టీ, యాంటిసెప్టిక్ ఉంచండి. తెగినచోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కి, మాటిమాటికీ ఎత్తి చూడకుండా కనీసం పది నిమిషాలు పట్టుకుని, వీలైతే ఆ చేతిని గుండెకన్న ఎత్తులో ఉంచాలి. గుడ్డ తడిస్తే దాన్ని తీయకుండా పైన మరొకటి వేయాలి. రక్తం చిమ్ముతున్నా, వేలు వంగకపోయినా, మొద్దుబారినా ఎంత కష్టమైనా వైద్యుడి దగ్గరికి చేరవలసిందే. ఇంట్లో పెద్దవాళ్ళు ధనుర్వాతం టీకా ఆఖరిసారి ఎప్పుడు వేయించుకున్నారో కనుక్కుని, పదేళ్ళు దాటితే శాంతికాలంలోనే వేయించి, ఆ తేదీని పెట్టె మూత లోపల రాసి అంటించండి.